లూజ్ వాటర్‌కలర్: బొమ్మ బిగుసుకుపోతోంది, వదిలేస్తే బురదవుతోంది. ఏటి చెయ్యాలి?

#1 నాగావళిగట్టు, శ్రీకాకుళం

నమస్కారమండీ. వాటర్‌కలర్‌లో లూజ్‌గా, అంటే ప్రతి వివరం గీయకుండా అంచులు కరిగిస్తూ వేయడం నేర్చుకుంటున్నాను. వాడుతున్నవి: 200 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) డ్రాయింగ్ ప్యాడ్, స్కూలు పిల్లల ట్యూబుల సెట్టు, 4, 6 నంబరు రౌండు బ్రష్‌లు. వేస్తున్న దృశ్యం: సాయంత్రం ఎండ, వరిమడి, గట్టు మీద తాటిచెట్లు, వెనకాల కొండ.

మూడు చోట్ల చెడుతోంది. ఆకాశంలో చారలు పడుతున్నాయి, లేదంటే కాలీఫ్లవర్ పువ్వుల్లాంటి మరకలు. కొండ మీద పొలం రంగు కలిసి బురద అవుతోంది. తాటిచెట్లు మాత్రం కత్తిరించి అతికించినట్టు వస్తున్నాయి. ఏ వరసలో సరిదిద్దుకోవాలి? ఏవైనా కొనాలంటే ముందు ఏది కొనాలి?

#2 తడిబ్రష్, విజయనగరం

మూడు చోట్లా చెడుతున్నది నీటి లెక్కేనండీ. కాగితం మీద ఎంత తడి ఉంది, బ్రష్‌లో ఎంత తడి ఉంది, ఈ రెండూ పోల్చుకోకుండా రంగు పెడుతున్నారు. లూజ్ అంటే చెయ్యి గబగబా ఆడించడం అనుకుంటారు చాలామంది. ఏ తడిలో ఏ గీత వేయాలో ముందే తేల్చుకుంటే చెయ్యి నిదానంగా కదిలినా బొమ్మ లూజ్‌గానే వస్తుంది.

కాగితాన్ని పక్కనుంచి, కిటికీ వెలుతురుకి ఎదురుగా చూడండి. నాలుగు దశలు కనిపిస్తాయి.

మొదటిది, నీరు నిలిచి అద్దంలా మెరవడం. ఇప్పుడు పెట్టిన రంగు ఎటు పోతుందో మన చేతిలో ఉండదు. ఆకాశం, పొగమంచు వేయడానికే పనికొస్తుంది. రెండోది, మెరుపు తగ్గి పట్టుగుడ్డలా ఉండడం. మేఘం అడుగు, దూరపు కొండ, దూరపు చెట్ల వరస వేయాల్సింది ఇప్పుడే. అంచు మెత్తగా వస్తుంది, ఆకారం చెదరదు. మూడోది, మెరుపు పూర్తిగా పోయి, చేతి వెనక భాగం ఆనిస్తే మాత్రం చల్లగా తగలడం. ఇది ప్రమాదకరమైన సమయం. మీ కాలీఫ్లవర్లన్నీ ఇక్కడ పుట్టినవే. నాలుగోది, పూర్తిగా ఆరడం. పదునైన అంచులు, నీడలు, డ్రై బ్రష్ (నీరు తుడిచేసిన బ్రష్‌తో ఈడ్పు) అప్పుడు.

కాలీఫ్లవర్ ఎందుకొస్తుందంటే, సగం ఆరిన చోట తడి ఎక్కువున్న బ్రష్ పెడితే ఆ నీరు పొడిగా ఉన్న వైపు పాకుతుంది. పాకుతూ దారిలోని రంగును తోసుకుపోయి, ఆగిన చోట అంచుగా వదిలేస్తుంది. అందుకని తడి మీద రంగు పెట్టేటప్పుడు బ్రష్‌లో నీరు కాగితం మీదున్న నీటికంటే తక్కువుండాలి, రంగు మాత్రం ఎక్కువుండాలి. రంగు ముంచాక బ్రష్ మడమని, అంటే రేకు దగ్గరి వెంట్రుకల్ని, ఒకసారి పాత తువ్వాలుకి ఆనించండి. కొసకి ఆనిస్తే రంగు పోతుంది, మడమకి ఆనిస్తే నీరు మాత్రమే పోతుంది.

ఆస్ట్రేలియా చిత్రకారుడు జోసెఫ్ జ్‌బుక్విచ్ ఈ లెక్కను గడియారంలా గీసి నేర్పుతారు. ఒక పక్క రంగు చిక్కదనం: టీ, కాఫీ, పాలు, మీగడ, వెన్న. ఇంకో పక్క కాగితం తడి. అద్దంలా మెరుస్తున్న కాగితం మీద టీ, పట్టులా ఉన్నప్పుడు పాలు లేదా మీగడ, పొడి కాగితం మీద ఏదైనా. చల్లగా మాత్రమే ఉన్న కాగితం మీద టీ పెట్టారో, పువ్వు పూసినట్టే.

చారల సంగతి వేరు. 6 నంబరు బ్రష్‌తో ఆకాశం వేస్తే ఒక గీత ఆరేలోపు పక్క గీత పడదు. పెద్ద బ్రష్ కావాలి. బోర్డు వెనకవైపు రెండంగుళాల ఎత్తు పెట్టి వాలుగా ఉంచండి. గీత కింద అంచున నీటి పూస నిలుస్తుంది. తరవాతి గీత ఆ పూసని తాకుతూ వేసి, దాన్ని కిందికి లాక్కెళ్లండి. వేసిన చోటికి మళ్లీ వెళ్లొద్దు. చివర్లో మిగిలిన పూసని పిండేసిన బ్రష్‌తో పీల్చేయాలి. వదిలేస్తే అదే వెనక్కి పాకి కింది నుంచి పువ్వవుతుంది.

#3 వేపచెట్టునీడ, బొబ్బిలి

తడిబ్రష్ గారు చెప్పిన నాలుగు దశలూ 200 జీఎస్ఎం చెక్కగుజ్జు కాగితం మీద సరిగ్గా కనిపించవు. అది తడవగానే ఉబ్బి గుంటలు పడుతుంది. గుంటలో నీరు నిలుస్తుంది, మిట్ట ఆరిపోతుంది. ఒకే ఆకాశంలో రెండు దశలు పక్కపక్కనే ఉంటే ఎంత నేర్పున్నా మరక పడుతుంది.

కాబట్టి మొదట కొనాల్సింది కాగితం. 300 జీఎస్ఎం, నూరు శాతం కాటన్, కోల్డ్ ప్రెస్ (ఓ మోస్తరు గరుకుది). కాటన్ నీటిని లోపలికి పీల్చి నిదానంగా వదులుతుంది, రెండో దశ ఎక్కువసేపు నిలుస్తుంది. లూజ్ పద్ధతికి కావాల్సింది ఆ వ్యవధే. ప్యాడ్ కంటే పూర్తి షీటు లాభం: 22×30 అంగుళాల షీటుని ఎనిమిది ముక్కలు చేస్తే ఒక్కోటి సుమారు 7.5×11 వస్తుంది. రెండు వైపులా వేస్తే పదహారు బొమ్మలు. స్కేలు ఆనించి మడిచి చింపుకోవచ్చు. ఈ సైజు ముక్కని నాలుగు వైపులా మాస్కింగ్ టేపుతో బోర్డుకి అంటిస్తే చాలు, ముందుగా నానబెట్టి సాగదీయనక్కర్లేదు.

తరవాత బ్రష్‌లు మూడు. నీళ్లు బాగా పట్టే లావుపాటి మెత్తటి బ్రష్, అంటే మాప్ ఒకటి, కొస పదునుగా ఉండే సింథటిక్ రౌండు 10 లేదా 12 ఒకటి, పొడుగు వెంట్రుకల సన్నటి రిగ్గర్ ఒకటి. 4 నంబరు పక్కన పెట్టేయండి. చిన్న బ్రష్ చేతిలో ఉంటే ఆకు ఆకూ గీయాలనిపిస్తుంది, బొమ్మ బిగిసేది అక్కడే.

రంగులు చివర.

#4 నాగావళిగట్టు, శ్రీకాకుళం

మేడమ్, కాటన్ షీటు ధర చూస్తే చెయ్యి వణుకుతోంది. అంత ఖరీదైన కాగితం మీద భయంతో వేస్తే ఇంకా బిగుస్తుంది కదా? సాధనకి మామూలు కాగితం, మంచి బొమ్మకి కాటన్ అనుకుంటే?

#5 ఉద్దానంకొబ్బరి, కవిటి

తమ్ముడి మాటలో నిజం ఉంది. నేనైతే ఖరీదైన కాగితం ముందు కొనమనను. గీతల సాధనకి పాత పేపర్లు చాలు. బ్రష్‌ని చివర పట్టుకుని, నిలబడి, భుజం నుంచి గీత లాగడం. కొసతో మొదలెట్టి పొట్ట ఆనించి మళ్లీ కొసతో ముగించడం. పక్కకి పడుకోబెట్టి ఈడ్చడం. వీటికి కాటనెందుకు?

#6 వేపచెట్టునీడ, బొబ్బిలి

ఉద్దానం గారూ, గీతలకి సరే. వాష్‌లకి (పలచటి రంగుని పెద్ద మేర పరిచే పొరలకి) మాత్రం ఒప్పుకోను. గుజ్జు కాగితం మీద నేర్చుకున్న టైమింగ్ కాటన్ మీద పని చేయదు, మొత్తం మళ్లీ నేర్చుకోవాలి. గుజ్జు కాగితం మీద ఇంకో తిప్పలుంది: రంగు పైపైనే నిలుస్తుంది, రెండో పొర వేయగానే కింది పొర లేచి వస్తుంది. నాగావళిగట్టు గారి కొండ బురదవడంలో సగం పాపం దానిదే.

మధ్యేమార్గం కావాలంటే ఎనిమిదో వంతు ముక్కని ఇంకో రెండు చేసి, పోస్టుకార్డంత సైజులో ఆకాశం మాత్రమే వేయండి. పూర్తి బొమ్మ వద్దు. ఒక షీటుకి రెండు వైపులా కలిపి ముప్పై రెండు ఆకాశాలు.

#7 ఉద్దానంకొబ్బరి, కవిటి

పోస్టుకార్డు ఆకాశాలకి ఒప్పుకుంటున్నాను. 😀

#8 కోటగుమ్మం, విజయనగరం

అందరూ నీళ్ల దగ్గరే ఆగిపోయారు. నీటి లెక్క కుదిరినా, టోన్ లెక్క, అంటే లేత ముదురుల లెక్క లేకపోతే బొమ్మ పొగలా ఉంటుంది. అంచులు మెత్తబడినా చూసేవాడికి ఇది ఫలానా అని తెలియాలంటే ఎక్కడ తెలుపు, ఎక్కడ నడిమి, ఎక్కడ ముదురు అన్నది గట్టిగా ఉండాలి.

రంగు ముట్టుకునే ముందు అగ్గిపెట్టెకి రెట్టింపు సైజు గడి గీసుకోండి. మెత్తటి పెన్సిల్ (4బీ, 6బీ) తీసుకుని మూడే టోన్లలో దృశ్యాన్ని నింపండి. కళ్లు సగం మూసి చూస్తే వివరం పోయి ముద్దలు మాత్రం మిగులుతాయి. ఆ ముద్దలే వేయాలి. ఐదారు ముద్దల కంటే ఎక్కువొస్తే దృశ్యాన్ని ఇంకా సులువు చేయాలన్నమాట.

ఉదాహరణకి మన గంటస్తంభం తీసుకోండి. సాయంత్రం ఎండ ఒక పక్క పడుతుంది. నీడ పక్కని, నేల మీద పడ్డ నీడని, కింద నిలబడ్డ జనాన్ని, ఆటోని వేరువేరు వస్తువులుగా చూస్తే నాలుగు బొమ్మలు వేయాల్సొస్తుంది. టోన్‌గా చూస్తే అవన్నీ కలిసి ఒకటే ముదురు ఆకారం. బ్రష్ ఎత్తకుండా స్తంభం నీడ పక్క నుంచి దిగి, జనం మీదుగా, రోడ్డు నీడలోకి నడిపేయండి. దారిలో రంగు మార్చుకోవచ్చు: పైన నీలం ఎక్కువ, కిందికి వచ్చేసరికి బర్న్ట్ సియెన్నా ఎక్కువ. టోన్ మాత్రం మారకూడదు. ఎండ పక్క మొదటి పలచటి వాష్‌తోనే వదిలేయండి. కిటికీలు, గంట ముళ్లు, కేబుల్ వైర్లు ఆఖర్న రెండు మూడు గీతలు.

పెన్సిల్ గీత కాగితం మీద తక్కువే ఉండాలి గానీ, ఉన్నది సరిగ్గా ఉండాలి. కట్టడం వాలు తప్పితే ఏ వాషూ కాపాడదు.

ఇంకో మాట: తడిగా ఉన్నప్పుడు కనిపించే ముదురు ఆరాక నిలవదు, ఒక మెట్టు తగ్గుతుంది. అందుకే ముదురు ముద్దల్ని కాస్త ఎక్కువైందేమో అనిపించేలా మొదటిసారే పెట్టాలి. భయపడి పలచగా పెట్టి, దాని మీద మూడుసార్లు దిద్దితే మెరుపు చస్తుంది.

#9 తాటితోపు, రణస్థలం

తాటిచెట్టు ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు. మన జిల్లాల్లో ఏ పొలం వేసినా తాటిచెట్టు తప్పదు కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

చాలామంది కొబ్బరిచెట్టుని వేసి తాటిచెట్టంటారు. కొబ్బరి మట్ట ఈకలా పొడుగ్గా వంగుతుంది, మాను కూడా ఎటో ఒకటు వాలుతుంది. తాటాకు విసనకర్ర. ఆకులన్నీ కలిసి తల గుండ్రంగా, గట్టిగా కనిపిస్తుంది. మాను దాదాపు నిలువు. తల కింద ఎండిన మట్టలు గోధుమరంగు పావడాలా వేలాడతాయి. ఈ మూడూ పట్టుకుంటే, ఒక్క ఆకు కూడా విడిగా గీయకుండానే అది తాటిచెట్టని తెలుస్తుంది.

వేసే వరస ఇది. వెనక ఆకాశం పూర్తిగా ఆరాలి. రౌండు 10లో పాలకంటే చిక్కగా ముదురు ఆకుపచ్చ తీసుకోండి (అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెన్నా, కొంచెం పసుపు). బ్రష్‌ని పడుకోబెట్టి, గుండ్రటి తలని మధ్య నుంచి బయటికి నాలుగైదు ఈడ్పుల్లో వేయండి. కాగితం గరుకు వల్ల అక్కడక్కడ తెల్లటి చుక్కలు మిగులుతాయి, వాటిని పూడ్చొద్దు. రెండు మూడు చోట్ల ఆకాశం కనిపించే కంతలు కావాలనే వదలండి. ఎండ వైపు సగానికి ఇంకా తడిగా ఉండగానే పసుపు ఆకర్ ఒక చుక్క తాకించండి, అదే పాకుతుంది. ఇప్పుడు బ్రష్ కొసతో అంచు నుంచి బయటికి నాలుగైదు ముళ్లు విసరండి. అన్నీ ఒకే పొడుగు ఉండకూడదు, చుట్టూ సమానంగా ఉండకూడదు. తల తడిగా ఉండగానే కిందివైపు బర్న్ట్ సియెన్నా పెడితే ఎండుమట్టలు తలలోకి కలిసిపోయి వస్తాయి.

మాను దగ్గరే చెట్టు కత్తిరించినట్టు అవుతుంది. రెండు గీతలు గీసి మధ్య నింపకండి. బ్రష్‌లో చిక్కటి రంగు తీసుకుని, తువ్వాలు మీద సగం తుడిచి, పై నుంచి కిందికి ఒకే ఈడ్పు. మధ్యలో తెగితే తెగనివ్వండి. మొదట్లో అంటే గట్టు దగ్గర, కొసని తడి బ్రష్‌తో తాకి గడ్డిలోకి కరిగించేయండి. వెనక కొండ ముదురుగా ఉన్న చోట మాను లేతగా ఉండాలి, ఆకాశం ముందు ముదురుగా ఉండాలి. ఒకే చెట్టు మాను కింద లేత, పైన ముదురు అయ్యిందంటే బాగా చూశారన్నమాట.

నాలుగు చెట్లుంటే నాలుగూ ఒకేలా వేయొద్దు. రెంటి తలలు కలిపి ఒకే ముద్ద చేయండి, ఒకదాన్ని పలచగా వెనక్కి నెట్టండి, ఒకటి మాత్రం స్పష్టంగా ఉంచండి.

#10 నాగావళిగట్టు, శ్రీకాకుళం

తాటితోపు గారూ, ఇంత వివరం ఊహించలేదండీ. కాటన్ షీటు ఒకటి తెప్పిస్తున్నాను. ఇక రంగుల సంగతి చెప్పండి. సెట్లో పన్నెండు ఉన్నాయి, సాప్ గ్రీన్, వెర్మిలియన్, నలుపు, తెలుపు సహా. వరిమడికి ఏ ఆకుపచ్చ పెట్టినా ప్లాస్టిక్‌లా ఉంటోంది.

#11 తడిబ్రష్, విజయనగరం

నలుపు, తెలుపు తీసి పక్కన పెట్టండి. తెలుపు అవసరమైతే ఆఖర్న ఒకటో రెండో చుక్కలకి తెల్ల గువాష్ (కింది రంగుని కప్పేసే మందపాటి రంగు) ఉంటే చాలు.

ఆరు రంగులతో మన జిల్లా అంతా వేయొచ్చు: అల్ట్రామెరీన్ బ్లూ (పీబీ29), సెరూలియన్ లేదా ఫ్తాలో బ్లూ (పీబీ15), లెమన్ ఎల్లో, ఎల్లో ఆకర్ (పీవై43), బర్న్ట్ సియెన్నా, క్వినాక్రిడోన్ రోజ్ (పీవీ19). ట్యూబు మీద పేరు కంటే ఈ కోడ్ (లోపలున్న రంగుపొడి గుర్తు) చూసి కొనండి. పేరు ఒక్కటే అయినా లోపల రెండు మూడు రంగుపొడులు కలిపి ఉంటాయి. మీరు రెండు ట్యూబులు కలిపారనుకుంటారు, నిజానికి ఐదు కలిసి బురదవుతుంది. పాత అలిజరిన్ క్రిమ్సన్ (పీఆర్83) వెలుతురుకి వెలిసిపోతుంది, దాని బదులు పీవీ19 మేలు.

బురదకి ఇంకో రెండు కారణాలున్నాయి. సగం ఆరిన వాష్ మీద బ్రష్‌తో రుద్దడం ఒకటి. పాలెట్ మీద మొత్తం కలిపేసి ఒకే ముద్దలా పెట్టడం ఇంకొకటి. అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెన్నా పాలెట్ మీద సగమే కలపండి, మిగతాది కాగితం మీద వాటంతటవే కలుసుకోనివ్వండి. బూడిదరంగులో ఒక చోట నీలం, ఒక చోట ఎరుపు మెరుస్తూ ఉంటాయి. అల్ట్రామెరీన్ రేణువులు కాగితం గుంటల్లో దిగి ఇసుకలా కనిపిస్తాయి. ఆ గరుకు తడిలోనే వస్తుంది, రుద్దితే పోతుంది.

వరి ఆకుపచ్చకి సాప్ గ్రీన్ ఒక్కటే పెడితే ప్లాస్టిక్ తప్పదు. నారుమడికి లెమన్ ఎల్లో నిండుగా, ఫ్తాలో గోరంత. ఊడ్చి నెల దాటిన మడికి లెమన్ ఎల్లో, అల్ట్రామెరీన్, తగ్గించడానికి బర్న్ట్ సియెన్నా చుక్క. కోతకొచ్చిన మడికి ఎల్లో ఆకర్, రోజ్ ఛాయ మాత్రం. దూరం పోయేకొద్దీ పసుపు తగ్గించి నీలం పెంచండి. మన ఎర్రనేలకి బర్న్ట్ సియెన్నాని నీళ్లలా పలచన చేసి రోజ్ కలిపితే చాలు. చిక్కగా పెడితే ఇటుకలాగుంటుంది.

ట్యూబు నుంచి రంగు ఎప్పటికప్పుడు తాజాగా, శనగగింజ కంటే ఎక్కువే పిండుకోండి. ఎండిపోయిన బిళ్లని తడిపి రుద్దితే మీగడ చిక్కదనం రాదు. పిసినారితనం చేస్తే బొమ్మంతా టీయే.

#12 కొత్తచెయ్యి, పార్వతీపురం

అందరికీ నమస్తే. ఉప్పు చల్లడం, ప్లాస్టిక్ కవరు అంటించడం, మాస్కింగ్ ఫ్లూయిడ్ (రంగు అంటకుండా పూసి, ఆరాక ఒలిచేసే జిగురు) పూయడం వీడియోల్లో చూపిస్తున్నారు. లూజ్ ఎఫెక్ట్ దానివల్ల వస్తుందా?

#13 వేపచెట్టునీడ, బొబ్బిలి

రాదమ్మా. మాస్కింగ్ ఫ్లూయిడ్ తీశాక మిగిలే తెలుపు కత్తితో కోసినట్టుంటుంది, చుట్టూ ఉన్న మెత్తదనానికి పొసగదు. తేలినీలాపురంలో చెట్ల మీద కూర్చున్న ఎర్రకాళ్ల కొంగలు, గూడకొంగలు వేయాలనుకో. పక్షిని వేయొద్దు, పక్షి వెనకనున్న ఆకుల ముదురుని వేయి, తెల్ల కాగితమే పక్షి అవుతుంది. వీపు వైపు అంచు పదునుగా ఉంచి, పొట్ట వైపు నీలిబూడిద నీడని ఆకుల్లోకి కలిపేయి. ఒక కొమ్మ మీద రెండు పక్షులు ఇలా వస్తే, మిగతావి తెల్లటి కంతలుగా వదిలేసినా చూసేవాళ్లు పక్షులనే అనుకుంటారు.

#14 వంశధారమొగ, శ్రీకాకుళం

ఎవరూ వాతావరణం మాట ఎత్తలేదు. పుణె వాళ్లో, యూరప్ వాళ్లో వీడియోలో "రెండు నిమిషాలు ఆగండి" అంటే అది మన సముద్రపు గాలికి వర్తించదు. జూన్ నుంచి అక్టోబరు దాకా ఇక్కడ వాష్ రెండో దశ నుంచి మూడోదానికి రావడానికి చాలాసేపు పడుతుంది. ఏప్రిల్, మే మిట్టమధ్యాహ్నం ఆరుబయట అయితే మెరుపు చూసేలోపే ఆరిపోతుంది. గడియారం చూడొద్దు, మెరుపు చూడండి.

వానాకాలంలో నీళ్లు మామూలుకంటే తక్కువ వాడి, రంగు చిక్కగా పెట్టండి. హెయిర్ డ్రయ్యర్ వాడితే మెరుపు పూర్తిగా పోయాకే, అడుగు దూరం నుంచి. తడి మెరుస్తుండగా ఊదితే రంగు గాలి తోసిన వైపు పరుగెడుతుంది. ఎండాకాలంలో కాగితం వెనక కూడా తడిపి, ప్లాస్టిక్ బోర్డుకో అక్రిలిక్ షీటుకో అంటిస్తే తడి ఎక్కువసేపు నిలుస్తుంది. నీడలో కూర్చోండి, కాగితం మీద ఎండ పడితే తెలుపు కళ్లు చెదరగొట్టి టోన్ల అంచనా తప్పుతుంది.

కాగితం నిల్వ గురించి అశ్రద్ధ చేయొద్దు. కాగితానికి సైజింగ్ (జిలటిన్ లాంటి పూత) ఉంటుంది, రంగు లోపలికి ఇంకిపోకుండా ఆపేది అదే. తేమలో కొన్నేళ్లు పడుంటే సైజింగ్ చెడుతుంది. అప్పుడు వాష్ వేయగానే ముదురు మచ్చలు తేలతాయి, ఎంత కడిగినా పోవు. మూలన ఒక నీటిచుక్క వేసి చూడండి. పూసలా నిలిస్తే మంచిది. వెంటనే ఇంకిపోయి తడిమచ్చ కనిపిస్తే ఆ షీటుని పెన్సిల్ బొమ్మలకి వాడేసుకోవాలి. జిప్ కవర్లో సిలికా జెల్ పొట్లాలు వేసి, గోడకి ఆనకుండా, బీరువాలో పడుకోబెట్టి ఉంచండి.

పాలెట్ మూత తడిగా ఉండగా వేస్తే రంగుల్లోని జిగురుకి (గమ్ అరబిక్) బూజు పడుతుంది. ఆరాకే మూయండి. లవంగనూనె ఒక్క చుక్క మూతలో రాస్తే బూజు రాదు.

సముద్రం ఒడ్డు ఊళ్లలో బోరు నీరు ఉప్పగా ఉంటే వాడకండి. ఉప్పు రంగురేణువుల్ని గుంపులు కట్టిస్తుంది, ఆరిన తరవాత కూడా తేమ పీలుస్తుంది. క్యాను నీళ్లు రెండు డబ్బాల్లో: ఒకటి బ్రష్ కడగడానికి, ఇంకోటి రంగు కలపడానికి.

#15 కోటగుమ్మం, విజయనగరం

చిన్న పక్కదారి. ఇదంతా విదేశీ పద్ధతి, మనవాళ్లది వివరం పెట్టే పద్ధతి అని ఇంకో చర్చలో ఎవరో రాశారు. శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య (1921–1992) గారి చందమామ, యువ పత్రికల ముఖచిత్రాలు తీసి అంచులు మాత్రం చూడండి. నగలు, చీర అంచు, కన్ను అన్నీ పదునుగా ఉంటాయి. వెనకనున్న ఆకాశం, పొద, పొగమంచు కరిగి ఉంటాయి. వపా గారిది లూజ్ పద్ధతి అనడం లేదు. ఏ అంచు నిలపాలి, ఏ అంచు పోగొట్టాలి అన్న తీర్పు రెండు పద్ధతులకీ ఒకటే. అది నేర్చుకోవడానికి ఆ పాత ముఖచిత్రాల కంటే దగ్గర్లో దొరికే పాఠం లేదు.

#16 వంశధారమొగ, శ్రీకాకుళం

నాగావళిగట్టు గారికి కాగితం వచ్చాక మొదలెట్టడానికి ఒక దృశ్యం ఇస్తున్నాను. కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసే చోటు. పొలం కంటే ఇది సులువు: ఆకాశం, సరుగుడు తోట గీత, నీరు, ఇసుక, ఒకటో రెండో పడవలు.

కాగితం 7.5×11. దిగువ నుంచి మూడో వంతు దగ్గర అడ్డంగా ఒక గీత, పడవ ఆకారం, అంతే పెన్సిల్. పాలెట్‌లో ముందే మూడు గుంటలు కలిపి పెట్టుకోండి, మధ్యలో కలపడానికి సమయం ఉండదు. మొదటిది ఎల్లో ఆకర్, రోజ్ ఛాయ, టీ పలచన, రెండు టీస్పూన్లు. రెండోది సెరూలియన్ (లేకపోతే ఫ్తాలో, మరీ కొంచెం), అంతే పలచన, అంతే కొలత. మూడోది అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెన్నా కలిసిన బూడిద, మీగడ చిక్కదనం, అర టీస్పూను.

మాప్‌తో కాగితం మొత్తం మంచినీళ్లతో తడపండి. పడవ పైభాగం మాత్రం పొడిగా వదలండి. పై నుంచి నీలం, సగం దిగాక ఆకర్‌లోకి మారి, అదే రంగుతో నీళ్ల మీదుగా ఇసుక దాకా ఆగకుండా రండి. ఆకాశానికి, నీటికి మధ్య గీత దగ్గర ఆగకూడదు. నీలం ఆకర్‌ని తాకే చోట రుద్దితే పచ్చగా మారుతుంది, మధ్యన అంగుళం మేర నీళ్లు మాత్రమే ఉంచి, బోర్డు వంచి వాటంతటవి కలిసేలా చూడండి.

మెరుపు పట్టులా మారగానే సరుగుడు వరస. మీగడ బూడిదలో కొంచెం పసుపు కలిపి, మడమ తుడిచి, గీత పొడుగునా ఎగుడుదిగుడుగా ఒకసారి. పై అంచు మెత్తగా పాకుతుంది. పాకడం పావంగుళం దాటితే కాగితం ఇంకా తడిగా ఉందని అర్థం, చెయ్యి తీసేసి ఆగండి. అసలు పాకకపోతే ఆలస్యమైంది, ఇక పూర్తిగా ఆరనిచ్చి పదునైన అంచుతో వేసుకోండి. మూడో దశలో మాత్రం కెలకొద్దు.

ఆరాక నీటి మెరుపు: బ్రష్‌లో నీలిబూడిద పాల చిక్కదనం, తువ్వాలుకి తుడిచి, పడుకోబెట్టి అడ్డంగా వేగంగా ఒక ఈడ్పు. కాగితం మిట్టల మీదే రంగు అంటి, గుంటలు తెల్లగా మెరుస్తాయి. రెండో ఈడ్పు దాని మీద పడితే మెరుపు పోతుంది. తరవాత పడవ. పై అంచు తెల్లగా ఉంచి, పక్కని మీగడ బూడిదతో ఒకే గీతలో వేసి, తడిగా ఉండగానే కింద నీటి నీడలోకి లాగేయండి. పడవకి, నీడకి మధ్య గీత వద్దు. ఆఖర్న రిగ్గర్‌తో లంగరు తాడు ఒకటి.

దీపస్తంభం పెట్టాలనిపిస్తుంది. ఈ బొమ్మలో వద్దు, చూపు పడవ దగ్గర నిలవాలి.

#17 నాగావళిగట్టు, శ్రీకాకుళం

గురువుగారూ, దండాలు. ఇంకొక్కటి. పడవ పక్కన జాలర్లని, సంతలో జనాన్ని ఎలాగ పెట్టాలి? బొమ్మల్లో మనుషులు రాగానే మళ్లీ బిగుసుకుపోతోంది.

#18 కోటగుమ్మం, విజయనగరం

తల పెద్దదవడం వల్ల బిగుస్తుంది. మనిషి ఎత్తులో తల ఏడో వంతో ఎనిమిదో వంతో అంతే. ముందు భుజాల నుంచి కిందికి సన్నబడే ముద్ద వేయండి, లుంగీ గానీ చీర గానీ ఒకే ఆకారం. పాదాలు గీయొద్దు, నేల నీడలోకి కరిగించండి. తల ఆఖర్న చుక్క. తలకి, భుజానికి మధ్య సన్నటి తెల్ల సందు వదిలితే మెడ, ఎండ రెండూ వచ్చేస్తాయి. చొక్కా తడిగా ఉండగానే కింది బట్ట రంగు తాకించండి, రెండూ నడుము దగ్గర కొంచెం పాకాలి.

మీరు నిలబడి చూస్తున్న చదును నేల అయితే దగ్గరివాళ్లవీ దూరంవాళ్లవీ తలలు దాదాపు ఒకే గీత మీద ఉంటాయి, అది దిగంతరేఖ. దూరం పోయేకొద్దీ కాళ్లు పైకి జరుగుతాయి. పైడితల్లి అమ్మవారి సిరిమాను నాటి జనం లాంటిది వేయాలంటే మనిషి మనిషినీ వేయకండి. తలల చుక్కలు ఎగుడుదిగుడుగా ఒక వరస, కింద అంతా కలిసిన ఒక ముదురు ముద్ద, అందులో రెండు మూడు చీరల రంగులు శుభ్రంగా. ముందున్న ఇద్దరిని మాత్రం విడిగా.

#19 కొత్తచెయ్యి, పార్వతీపురం

నీడ మరీ నల్లగా పడిపోతే తీయొచ్చా, వదిలేయాలా?

#20 తడిబ్రష్, విజయనగరం

ఏ రంగు పెట్టారన్నదాన్ని బట్టి. అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెన్నా అయితే ఆరాక మంచినీళ్ల బ్రష్‌తో తడిపి, క్షణం ఆగి, టిష్యూ అద్దితే చాలావరకు లేస్తాయి. ఫ్తాలో బ్లూ కాగితంలోకి దిగిపోతుంది, మచ్చ ఉండిపోతుంది. ఒకే చోట రెండుసార్లకి మించి తీయొద్దు, నూగు లేచి ఆ తరవాత వేసిన రంగు మరకలు కడుతుంది. చాలా సందర్భాల్లో తీయడం కంటే, పక్కనున్న లేత భాగాన్ని ఒక మెట్టు దించితే ఆ నలుపు దానంతటదే సర్దుకుంటుంది. ముందు ఆరనిచ్చి, నాలుగడుగుల దూరం నుంచి చూసి, అప్పుడు తేల్చుకోండి.

#21 నాగావళిగట్టు, శ్రీకాకుళం

రిగ్గర్ ఇక్కడ షాపుల్లో దొరకలేదండీ. దాని బదులు ఏదైనా?

#22 తాటితోపు, రణస్థలం

సైన్‌బోర్డులు రాసే పెయింటర్లు వాడే సన్నటి పొడుగు వెంట్రుకల లెటరింగ్ బ్రష్ అడగండి, హార్డ్‌వేర్ షాపుల్లో ఉంటుంది. ఎనామిల్ తగలనిది, కొత్తది తీసుకోండి. తాడుకి, కరెంటు తీగకి అది చక్కగా సరిపోతుంది.